నాలుగు వరుసల చోటు

పోయిన వారం మనం ఆగింది, నేను ఇనప బీరువాకి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టాలో తోచక అరచేతిలోనే పట్టుకుని నిలబడ్డ చోట. కొత్తగా చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవారు కాస్త ఓపిక పట్టండి. మా తమ్ముడు ఎమ్మెల్యే. అసెంబ్లీలో ఆయన, ఇంట్లో వాడు. పదకొండేళ్ళుగా ప్రతి గురువారం వాడి సంతకంతో నియోజకవర్గంలో గడప గడపకీ ఒక కాగితం వెళ్తుంది. ఏ వీధికి నీళ్ళు రావు, ఏ రోడ్డు తవ్వుతున్నారు, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరు పోయారు, ఎవరు పరీక్ష పాసయ్యారు, అన్నీ అందులో ఉంటాయి. పైన వాడి ఉత్తరం, కింద ఊరి కబుర్లు. సంతకం వాడిది, రాత నాది. కోర్టులో ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టి రిటైరయ్యాక నాకు దొరికిన ఉద్యోగం ఇది.

నేను చెప్పబోయే సోమవారానికి తొమ్మిది రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, కాలవ మీది నడక వంతెన చెక్క విరిగి, టైలరు కొట్టులో గుండీలు కుట్టే గుండీలమ్మ నీళ్ళలో పడి చనిపోయింది. చెక్కలు పుచ్చాయని ఆ వంతెనని అప్పటికి ఆరు వారాలుగా మూసి ఉంచారు. మంగళవారం తమ్ముడు అసెంబ్లీలో లేచి, ఆ హెచ్చరిక ఆరు వారాలూ మా కాగితంలో వేస్తూనే ఉన్నామని చెప్పాడు. విచారణాధికారి ఆ ఆరు కాగితాలూ పంపమంటే శుక్రవారం బీరువా తెరిచి చూశాను. అయిదింటిలో హెచ్చరిక ఉంది. ఆరోదానిలో లేదు. తీసేసింది నేనే.

శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది, ఆదివారం కూడా గడిచింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాను.

సోమవారం పొద్దున పదకొండు గంటలకి టైలరు వచ్చాడు. గుండీలమ్మకి అన్న. మెడలో టేపు వేలాడుతోంది. కొట్టు తొమ్మిది రోజులుగా మూసే ఉంది, అయినా పొద్దున లేవగానే టేపు మెడలో వేసుకోవడం మాత్రం మానుకోలేదు కాబోలు. మా ఇంటి ముందు గదే ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ, బీరువా, నా కంప్యూటరు. ఎప్పుడు వచ్చినా కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని, "అక్కగారూ, ఆ జాకెట్టు చేతులు బిగుతుగా ఉన్నాయంటే నమ్మను, మీరే ఒళ్ళు చేశారు" అని ఏడిపించే మనిషి. ఆ రోజు బెంచీ చివర, ఎవరో లేవమంటారన్నట్టు కూర్చున్నాడు.

"టీ తాగుతావా?" అన్నాను.

"వద్దండి. చెల్లెలి సంగతి కాగితంలో వేయించాలి కదా. వచ్చాను."

మా కాగితంలో పోయినవారి గురించి నేను సొంతంగా ఒక్క ముక్క రాయను. ఇంటివాళ్ళే వచ్చి చెప్పాలి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే వేస్తాను. "మా ఆయన కోపిష్టి, కానీ పిల్లిని కూడా కొట్టలేదు" అని ఒకావిడ చెబితే అలాగే వేశాను. అది చదివి ఊరంతా నవ్వింది, ఊరంతా ఏడ్చింది కూడా. అందుకని కొత్త పేజీ తెరిచి, చేతులు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను.

అతను టేపు చివరనున్న రేకుముక్కని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"రాసే ముందు ఒకటి అడగాలండి. ఊళ్ళో ఏమంటున్నారో మీకు తెలుసుగా."

"ఊరి నోటికి మూత ఉంటుందా. వదిలెయ్యి."

"వదల్లేకపోతున్నాను. మూసేసిన వంతెన మీదికి తెలిసి తెలిసి ఎవరు వెళ్తారు, చావడానికి కాకపోతే అంటున్నారు. మొదట నన్ను చూసి ఆపేసేవాళ్ళు. ఇప్పుడు ఆపడం లేదు. నలభై మూడేళ్ళది, పెళ్ళీ పెటాకులూ లేవు, అన్న కొట్టులో గుండీలు కుట్టుకుంటూ బతికింది, విసుగు పుట్టిందేమో అంటున్నారు." రేకుముక్క వదిలేసి తలెత్తాడు. "నేనూ అదే అనుకుంటున్నానండి. అందుకే వచ్చాను."

"అదేం మాట?"

"శనివారం పొద్దున నేను ఒక మాటన్నాను. గురువారం నుంచీ ఆ కాగితం చేత్తో పట్టుకునే తిరుగుతోంది. తన పేరు పడిందని. వచ్చినవాళ్ళందరికీ చూపించడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం. నాకేమో సాయంత్రానికి పన్నెండు చొక్కాలు ఇవ్వాలి. మురిసింది చాలు, నీ పేరు చూసి గుండీలు వాటంతట అవి కుట్టుకోవు అన్నాను. ఇంకొకటి కూడా అన్నాను. ఈ వయసులో పాసై ఎవరిని ఉద్ధరిస్తావు అన్నాను. ఏమీ అనలేదు. సూది దిండుకి గుచ్చి లేచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కబురొచ్చింది."

అన్నంత మాత్రాన మనిషి చచ్చిపోదు అని చెప్పబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. మీకు తెలుసు కదా, నాకు చదువు రాదు. ప్రతి గురువారం నేను మిషను తొక్కుతుంటే చెల్లెలే చదివి వినిపించేది, మీ కాగితం మొదటి నుంచి చివరిదాకా. ప్రెస్సు వాళ్ళ అడ్రసు కూడా వదిలేది కాదు. అయిదు వారాలు వంతెన సంగతి చదివింది. నాకు కంఠతా వచ్చేసింది. ఆరో వారం చదవలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఎమ్మెల్యేగారు అసెంబ్లీలో చెప్పాక తట్టింది. కాగితంలో ఉన్నదాన్ని నాకు చదవకుండా దాటేసింది. అంటే నా దగ్గర దాచింది. అంటే గురువారమే అనుకుంది."

చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ఆరోవారం కాగితం, చెల్లెలి కొంగున దొరికింది, నీళ్ళలో తడిసి ఆరింది. బల్ల మీద పెట్టి, ఇస్త్రీ చేసే చేత్తో మడతలు నిమిరాడు.

"పక్కింటివాళ్ళ చేత చదివించుకోవచ్చు. సిగ్గేసింది. ఉందని వాళ్ళ నోటితో వినడం ఇష్టం లేదు. మీరు రాసిందే కాబట్టి మీ దగ్గరికే వచ్చాను. వంతెన సంగతి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. నేను చూసుకుంటాను. తర్వాత మీరు ఏం చెప్పమంటే అది చెబుతాను."

ఇక్కడ నేను మీకు రెండు సంగతులు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది వట్టి మతిమరుపు అనుకుంటారు. అది అంతకంటే పెద్ద తప్పు.

మా కాగితానికి రెండు కట్టుబాట్లున్నాయి. మొదటిది, మనిషి పేరు కొయ్యకూడదు. మొదటి ఏడాది మొక్కలు నాటినవాళ్ళ జాబితాలో చోటు చాలక ఒక ముసలాయన పేరు తీసేశాను. ఆయన నెల రోజులు గడప దాటి బయటికి రాలేదు. తమ్ముడు స్వయంగా వెళ్ళి బతిమాలితే వచ్చాడు. ఆ రోజు నుంచి చోటు చాలకపోతే ఏదైనా కోస్తాను, చివరికి తమ్ముడి ఉత్తరంలోని వాక్యాలు కూడా, పేరు మాత్రం ముట్టుకోను. రెండోది, పని గురించిన ప్రకటన ఆ పని అయ్యేదాకా వారం వారం వేస్తూనే ఉంటాం. అయిపోయిన వారం తీసేస్తాం. అయిపోయిందని వేరే చెప్పం. కాగితంలోంచి పోయిందంటే పని అయిపోయినట్టే, ఊరందరికీ అది అలవాటు. ఒకసారి పూడ్చేసిన గొయ్యి గురించి పొరపాటున ఇంకో నెల వేశాం. గొయ్యి లేని చోట నెల రోజులు జనం పక్కనుంచి నడిచారు. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

ఆ ఆరో బుధవారం పెద్దవాళ్ళ బడిలో పదో తరగతి పాసైనవారి జాబితా వచ్చింది. యాభై ఏడు పేర్లు. పట్టించేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. నాలుగు గంటలకి ప్రెస్సుకి పంపాలి. మూడున్నరకి బడి మాస్టారు ఫోను చేసి, ఒక పేరు వదిలేశాం అమ్మా అన్నాడు. గుండీలమ్మ పేరు. మూడోసారి రాసి పాసైంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఫోనులోనే గట్టిగా నవ్వాను. ఎక్కడ పెట్టాలి అని చూశాను. వంతెన హెచ్చరిక నాలుగు వరుసలు. అయిదు వారాలుగా వేస్తున్నదే, అందరికీ తెలిసిందే, ఈ ఒక్క వారం ఆగితే ఏమవుతుంది అనుకున్నాను. తీసేశాను. పేరుకి రెండు వరుసలు చాలు, ఇంకో రెండు మిగిలాయి. ఆ రెండూ ముచ్చటపడి ఆమె గురించే రాశాను. మొదటి కట్టుబాటు నిలబెట్టానని సంబరపడ్డాను. రెండోది గుర్తుకు రాలేదు. నాకు గుర్తులేనిది కాగితం చదివే గుండీలమ్మకి గుర్తుంది.

మరి ఆరో కాగితంలో హెచ్చరిక లేదని చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరా అంటే, ఉండే ఉంటారు. ఎమ్మెల్యే నోటి మాట ఉండగా సొంత కళ్ళని నమ్మేదెవరు. నేనే మూడు రోజులు నమ్మాను.

"చూపించండి" అన్నాడు టైలరు మళ్ళీ.

నా వేలు దానంతట అదే ఆ చోటికి వెళ్ళింది. రెండో పక్క, కుడివైపు, కింద. ఆ నాలుగు వరుసల మీద ఆగింది. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో దాచను. అతనికి చదవడం రాదు. ఇదిగో ఇదే అంటే చాలు. నా తప్పు బీరువాలోనే ఉంటుంది, తమ్ముడి మాట నిలుస్తుంది. కొట్టు తీసి మళ్ళీ మిషను తొక్కుకుంటాడు, తన మాటే చెల్లెల్ని చంపిందనుకుంటూ ఇంకో ఇరవై ఏళ్ళు బతుకుతాడు. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో సరిగ్గా చూసుకోలేను.

"ఇక్కడ ఉండాలి" అన్నాను. "లేదు."

"లేదంటే?"

"ఆ వారం వెయ్యలేదు. చోటు చాల్లేదని నేనే తీసేశాను. నీ చెల్లెలు నీ దగ్గర ఏమీ దాచలేదు. ఉన్నదంతా చదివింది. వంతెన సంగతి కాగితంలోంచి పోయింది కాబట్టి బాగైపోయిందనుకుంది. మీ పెద్దక్క అవతలి గట్టునే కదా ఉండేది. ఈ ఆరు వారాలూ బస్సెక్కి చుట్టూ తిరిగి వెళ్తోంది. ఇక నడిచి వెళ్ళొచ్చు అనుకుంది. అవతల బోర్డు ఉంది, ఇవతల కట్టిన తాడు గాలికి ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలీదు. అంతే. తప్పు నాది."

ఒక్క గుక్కలో చెప్పేశాను. లేకపోతే మధ్యలో ఆగిపోతానని భయమేసింది.

టైలరు నా మొహం చూడలేదు. నా వేలు చూస్తున్నాడు.

"మరి ఇక్కడేముంది?"

"నీ చెల్లెలి గురించి."

"చదవండి."

ఆమె పేరు చదివాను. వీధి చదివాను. తర్వాత నేను ముచ్చటపడి రాసిన రెండు వరుసలు చదివాను. "నలభై మూడేళ్ళ వయసులో, మూడోసారి రాసి పాసయ్యారు. ఈ ఊళ్ళో మనం తొడుక్కున్న చొక్కాల్లో సగానికి గుండీలు కుట్టింది ఈమే. అభినందనలు."

"ఇది రెండుసార్లు చదివింది" అన్నాడు. "రెండోసారి నేను చదవమన్లేదు. తనే చదివింది. నేను మిషను ఆపలేదు."

అప్పుడు ఏడ్చాడు. మగవాళ్ళు ఏడిస్తే మొహం చేతులతో కప్పుకుంటారు. ఇతను కప్పుకోలేదు, టేపు రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగుతూ ఏడ్చాడు. నేను లేచి నీళ్ళు తెచ్చాను. తాగలేదు. బయట రోడ్డు మీద పాత సామాన్లు కొనేవాడు అరుచుకుంటూ పోతున్నాడు.

"అయితే దాచలేదు."

"లేదు."

"నా మాట పట్టుకుని పోలేదు."

"నీ మాట మనసులో పెట్టుకుంటే ఇంట్లో పడుకునేది. పెద్దక్కకి కాగితం చూపిద్దామని బయల్దేరింది. అలిగినవాళ్ళు అలా వెళ్తారా?"

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"ఇవాళ సోమవారం."

"అవును."

"శుక్రవారం నేను ఎక్కడున్నానో తెలుసా అండి? ఆ వంతెన దగ్గర. విరిగిన చెక్క ఎంత దూరంలో ఉందో అడుగులు కొలిచాను. పదకొండడుగులు. పదకొండడుగులు నడిచేటప్పుడు ఒక్కసారి కూడా నేను గుర్తు రాలేదా అనుకుంటూ కొలిచాను." చొక్కా భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "మిమ్మల్ని నేనేమీ అనను. అనే ఓపిక లేదు. ఓపిక వచ్చాక అంటానేమో, అప్పుడు ఊరుకోండి."

ఊరుకుంటానన్నాను. క్షమించమని అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే, ఆ ఆకుల కోసం ఎదుటివాడి దగ్గర చెయ్యి చాచడం ఇంకా సిగ్గు.

"రాయండి" అన్నాడు.

అతను చెప్పాడు, నేను కొట్టాను. "మా చెల్లెలు. గుండీలు కుట్టేది. నాకు కాగితం చదివి పెట్టేది. ఎనిమిదో తేదీ కాగితంలో వంతెన మూసి ఉందని వెయ్యలేదు. అందుకని బాగైందనుకుని పెద్దక్క దగ్గరికి బయల్దేరింది. తన పేరు చూపించడానికి వెళ్ళింది. చావడానికి వెళ్ళలేదు." ఆగాడు. "తను వెళ్ళే ముందు అన్న విసుక్కున్నాడని కూడా రాయాలా?"

"చోటు లేదు" అన్నాను. ఆ రోజు నేను అతనికి చెప్పిన అబద్ధం అదొక్కటే.

లేచి నిలబడ్డాడు. గుమ్మం దాకా వెళ్ళి, "గురువారం వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. "ఎమ్మెల్యేగారు వేరేగా చెప్పారు కదా" అన్నాడు.

"ఆయనకి తెలీదు. తెలియక చెప్పాడు. తెలిశాక ఆయనే దిద్దుకుంటాడు. నేను పెంచిన పిల్లాడు."

ఆ మాట అంటుంటే నాకు కాస్త గర్వంగా కూడా ఉంది. మాట పూర్తిగా నమ్మి అన్నాను.

టైలరు వెళ్ళిన పావుగంటకి తమ్ముడి కారు ఆగింది. లోపలికి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. వారం రోజుల్లో అయిదేళ్ళు పైబడ్డవాడిలా ఉన్నాడు. నేను కొట్టిన పేజీ ప్రింటు తీసి ముందు పెట్టాను. పక్కన టైలరు వదిలి వెళ్ళిన కాగితం కూడా ఉంది. రెండూ చూశాడు. అసలు ఇవేమిటని అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"ఇది వెయ్యలేం అక్కా" అన్నాడు.

"ఇంటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు వేస్తాం. పదకొండేళ్ళుగా అంతే."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"పడనీ. కాళ్ళు నావే కదా. తీసేసింది నేను, నా పేరే వెయ్యి. మీ అక్క పొరపాటు చేసిందని, నీకు తెలియక అసెంబ్లీలో అలా అన్నావని పైన నీ ఉత్తరంలో రాస్తాను. రెండు వాక్యాలు. నిన్నెవరూ తప్పు పట్టరు."

"విచారణాధికారికి కాగితాలు పంపావా?"

"ఇంకా లేదు. ఎల్లుండి ఇవ్వాలి."

"అయిదే పంపు. ఆరోది దొరకలేదని చెప్పు. చెత్తబుట్టలోకి, పొయ్యిలోకి పోయేవే అన్నీ, ఇళ్ళల్లో ఎవరు దాచుకుంటారు." మాట చాలా మెల్లగా, అసెంబ్లీలో ఎవరూ ఎప్పుడూ విననంత మెల్లగా అన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. ఒరేయ్ అన్నాను. ఎమ్మెల్యే అయ్యాక వాణ్ణి ఒరేయ్ అనడం అదే మొదటిసారి. "ఒరేయ్, ఆ మనిషి తన మాటే చెల్లెల్ని చంపిందని తొమ్మిది రోజులు తిండి మానేశాడు. ఊళ్ళో ఆ పిల్ల చావుకి వందమంది వంద పేర్లు పెడుతున్నారు. నీకు తెలియక అన్నదాన్ని దిద్దుకోమంటున్నాను, అంతే కదా."

తమ్ముడు బల్ల అంచుని బొటనవేలి గోటితో గీస్తున్నాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు అలాగే గీసేవాడు. పలక పగిలినా, అద్దం పగిలినా, చెప్పేముందు ఆ చప్పుడు వినపడేది. యాభై నాలుగేళ్ళు వచ్చినా మారలేదు.

"తెలియక అనలేదు అక్కా."

కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

"గురువారం పొద్దున కాగితం రాగానే నేను కింద నుంచి పైకి చదువుతాను, నీకు తెలుసుగా. గుండీలమ్మ సంగతి చదివి నవ్వుకున్నాను. అక్కడ ఇంతకుముందు వంతెన సంగతి ఉండేదే అని తట్టింది. బాగైపోయిందా, నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను. వంతెనల ఇంజనీరుకి ఫోను చేద్దామని నంబరు కూడా తీశాను. ఈలోగా కారు వచ్చింది. ఫోను జేబులో పెట్టుకున్నాను. శనివారం పొద్దున ఇంకోసారి గుర్తొచ్చింది. సెలవు రోజు కదా, సోమవారం చేద్దాంలే అనుకున్నాను." మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నాడు, టైలరు తాగకుండా వదిలేసిన గ్లాసు. "మంగళవారం అసెంబ్లీలో లేచేటప్పటికి నాకు తెలుసు, అందులో హెచ్చరిక లేదని. తెలిసే అన్నాను. కాగితం నువ్వు రాస్తావని ఊరందరికీ తెలుసు. లేదని చెబితే మొదట నీ పేరే వస్తుంది. నీకోసమే అన్నాను అక్కా."

"నాకోసం అని మాత్రం అనకు" అన్నాను. నేను మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు. గురువారం పొద్దుటి నుంచి శనివారం మధ్యాహ్నం దాకా రెండున్నర రోజులు, ఒక్క ఫోను. నేను పెంచిన పిల్లాడు అని అరగంట క్రితం ఈ గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెప్పాను.

గుమ్మం గుర్తొచ్చి అటు చూశాను.

టైలరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలీదు. ఒక చెయ్యి తలుపు మీద ఉంది, తట్టడానికి ఎత్తి తట్టకుండా ఆగిపోయిన చెయ్యి.

"కాగితం మర్చిపోయానండి" అన్నాడు. "చెల్లెలి పేరున్నది అదొక్కటే మా ఇంట్లో. అందుకని సగం దారి నుంచి వెనక్కొచ్చాను."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. వాడి అరచెయ్యి ఆ కాగితం మీదే ఉంది.

టైలరుకి చదవడం రాదు. వినడం వచ్చు. ఇన్నేళ్ళూ కాగితాన్ని అతను విన్నాడు. నెమ్మదిగా లోపలికి వచ్చి, బల్లకి ఇవతల నిలబడి, మా తమ్ముడి ముందు చెయ్యి చాచాడు.